కెమెరా వైపు చూడని బిడ్డ

పుంగనూరులో నాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లకు వీడియో తీయడమే అసలు బతుకుతెరువైనా, చంటిబిడ్డల ఫొటోలు తీయడంలో నాకు కాస్త పేరుండేది. రామసముద్రం నుంచి, బైరెడ్డిపల్లె నుంచి కూడా బిడ్డల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లు. చంటిబిడ్డను కెమెరా వైపు చూసేటట్టు చేయడం అంత తేలిక కాదు. గిలక ఆడించాలి, నాలుకతో టక్కుటక్కుమనిపించాలి, తల్లిని నా వెనక నిలబెట్టి పిలిపించాలి. బిడ్డ ఇటు తిరిగిన ఆ ఒక్క క్షణంలో బటన్ నొక్కాలి. ఇంత తెలిసినవాణ్ణి కాబట్టే ఈ సంగతి చెప్పడానికి సిగ్గుపడతాను. నా సొంత బిడ్డ నా వైపు చూడడం లేదని ఒప్పుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఇప్పుడు ఇల్లు కొంత కుదుటపడింది. జరిగింది వరసగా తల్చుకోగలుగుతున్నాను. ఇదే దారిలో ఉన్నవాళ్లెవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మా పెద్దది మౌనిక 1996లో పుట్టింది. మరుసటి ఏడు మొదటి పుట్టినరోజుకి ఇంటి ముందు షామియానా వేసి, మదనపల్లె నుంచి కేకు తెప్పించాం. వీడియో నేనే తీశాను. దాదాపు రెండు గంటల క్యాసెట్టు. అందరూ "మౌనీ, ఇటు సూడమ్మా" అని పిలుస్తుంటే అది షామియానా అంచున గాలికి ఊగే కుచ్చులనే చూస్తూ కూర్చుంది. తర్వాత ఫ్యాను రెక్కలు చూసింది. నిద్రమత్తులే అనుకున్నాను.

అప్పట్లో మిక్సింగు మదనపల్లెలో చేయించేవాళ్లం. ఏ పెళ్లికైనా చేసే పనే దానికీ చేశాను. బాగాలేనివి తీసేసి, బాగున్నవి అతికించాను. బిడ్డ పక్కకు చూసిన ముక్కలన్నీ పోయాయి. పొరపాటునో గ్రహపాటునో కెమెరాకు ఎదురుగా తిరిగిన ముక్కల్ని నెమ్మదిగా నడిపించి, పాట పెట్టించాను. అరగంట సినిమా అయింది. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. అసలు క్యాసెట్టు మీద అలవాటు ప్రకారం వేరే పెళ్లి రికార్డు చేసేశాను.

రెండేళ్లు వచ్చినా మాట రాలేదు. నడక మాత్రం వేళకే వచ్చింది. మా అమ్మ నా భార్య సుజాతకు ధైర్యం చెప్పింది.

"మా అన్నకొడుకు రమణ గూడా మూడేండ్లకే మాట్లాడినాడు. యాల బయపడతావు సుజాతా?"

చుట్టాల్లో ఒకాయన పేరుమీద పడ్డాడు. "మౌనిక అని యాల పెట్టినావప్పా? ఇంగేమన్నా దొరకలేదా?" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. సుజాత ఆ తర్వాత వాళ్లింట్లో పెళ్లికి రాలేదు.

1999లో మదనపల్లెకు తిప్పడం మొదలుపెట్టాం. మొదట చెవులు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద ఒక పూటంతా కూర్చున్నాం. అక్కడి ముసలి కాంపౌండరు మౌనిక వెనక నిలబడి స్టీలు ప్లేటును గరిటెతో కొట్టాడు. వరండాలో ఉన్న అందరూ తిరిగి చూశారు, అది తప్ప. సుజాత ముఖం పాలిపోయింది. ఆయన అది గమనించి, జేబులోంచి చాక్లెట్టు తీసి కాగితం మెల్లగా విప్పాడు. మౌనిక గిరుక్కున తిరిగింది.

"చెవుడు కాదుమ్మా. వినపడతాండాది. ఈ బిడ్డకి ఏది కావల్నో అదే వింటాది," అన్నాడు. ఆ చాక్లెట్టు దాని చేతిలో పెట్టాడు. తర్వాత లోపల డాక్టరు చెప్పిందీ అదే. కాకపోతే అంత అర్థమయ్యేటట్టు చెప్పలేదు.

తర్వాత కళ్లు. అవీ బాగున్నాయన్నారు. ఇంటికి వచ్చి చెబితే మా అమ్మ, "చెవులు బాగుండాయి, కండ్లు బాగుండాయి, ఇంగేం?" అని దేవుడికి దండం పెట్టుకుంది. అందరికీ నిశ్చింత కలిగింది. బిడ్డ మాత్రం పిలిస్తే పలకలేదు, ఎత్తుకుంటే మెడ చుట్టూ చెయ్యి వేయలేదు. కుట్టుమిషను చక్రం తిరుగుతుంటే చూస్తూ గంటలు గడిపేది.

మరుసటి ఏడు మదనపల్లెలోనే ఒక పిల్లల డాక్టరు, మిగతా రోగుల్ని కూర్చోబెట్టి, మౌనికను గది మధ్యలో వదిలి అరగంట చూశాడు. మందేమీ రాయలేదు. ఒక మాట చెప్పి బెంగళూరుకు చీటీ రాసిచ్చాడు. ఆ మాట మళ్లీ మర్చిపోతానని ఫొటోల కవరు వెనక తెలుగులో రాసుకున్నాను: ఆటిజం.

సుజాత పుట్టిల్లు కుప్పం. అక్కడి నుంచి రైలెక్కితే బెంగళూరుకు సులువని ముందురోజే వెళ్లి అత్తగారింట్లో దిగాం. బెంగళూరులో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ కన్నడం ఆవిడే గాని తెలుగు బాగా మాట్లాడేది. చాలా ప్రశ్నలు అడిగింది. వేలు పెట్టి చూపించేదా? మీరు చూపించిన వైపు చూసేదా? ఏడాది వయసప్పుడు ఎలా ఉండేది? మేమిద్దరం చెరొక రకంగా చెప్పాం. చివరికి ఆవిడ, "రెండేండ్ల లోపల తీసిన వీడియో ఏమన్నా ఉందా?" అంది.

ఉంది, సంచిలోనే ఉంది. అడుగుతారేమోనని కాదు, బిడ్డ అప్పుడు ఎంత బాగుండేదో చూపిద్దామని తీసుకెళ్లాను. ఆవిడ మొత్తం ఓపిగ్గా చూసింది. చూసి, "ఇందులో పాప బాగానే చూస్తా ఉందే," అంది. కొంచెం వెనక్కి తిప్పి వేసి, "ఇది కట్ చేసిన క్యాసెట్టా?" అని అడిగింది.

"అవునమ్మా. నేనే చేయించినాను."

"కట్ చేసినవి ఉండాయా?"

"లేవమ్మా."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్న ఒకామె మౌనిక గోల చూసి తనంతట తానే లేచి చోటిచ్చింది. చెట్లు వెనక్కి పరిగెత్తుతుంటే బిడ్డ గోల ఆపింది. అప్పుడు అడిగింది సుజాత.

"రెండు గంటలది కోసి అర్ధగంట చేసినారు. కోసిన దాంట్లో ఏముండిందో మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"తెలిసి నాకు యాల చెప్పలా?"

"నిద్రమత్తు అనుకున్యా."

"అంతసేపూ నిద్రమత్తేనా?"

కుప్పంలో సుజాత బిడ్డను తీసుకుని దిగింది. "మీరు పోయి షాపు సూసుకోండి," అంది. ఐదు నెలలు పుంగనూరు రాలేదు. ఊళ్లో అడిగినవాళ్లకు, వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పాను.

ఆ ఐదు నెలల్లో నేను చేసిందల్లా షాపులో ఉన్న పాత క్యాసెట్లన్నీ వేసి చూడడం. ఎందుకు వెతుకుతున్నానో నాకే సరిగ్గా తెలియదు. బీరువా నిండా ఊళ్లవాళ్ల పెళ్లిళ్లు. ఒకటొకటే చివరిదాకా నడిపించాను. వెంకటగిరికోట పెళ్లి ఒకటి అప్పగింతలతో అయిపోయింది. ఆ తర్వాత కాసేపు తెర మీద నీలం రంగు. టీవీ కట్టేయబోతుంటే మా షామియానా కనిపించింది. ఆ పెళ్లి నిడివి తక్కువైనందువల్ల చివర చెరగకుండా మిగిలిన ముక్క అది. నాలుగు నిమిషాలుంటుంది.

అందులో నా గొంతు వినిపిస్తుంది. "మౌనీ, నాయన ఈడుండాడు సూడు" అని మళ్లీ మళ్లీ పిలుస్తుంటాను. గిలక చప్పుడు కూడా వినిపిస్తుంది. మా అమ్మ చప్పట్లు కొడుతుంది. బిడ్డ తల పైకెత్తి కుచ్చులే చూస్తుంటుంది. పక్కన కూర్చున్న సుజాత మొదట పిలిచింది. తర్వాత పిలవడం మానేసి బిడ్డ ముఖంలోకి చూసింది. ఆ తర్వాత తనూ తలెత్తి, బిడ్డ దేన్ని చూస్తోందో దాన్ని చూసింది. అంతమందిలో ఆ పని చేసింది ఆమె ఒక్కతే. కెమెరా వెనకున్న నాకు అదేమీ కనపడలేదు.

క్యాసెట్టు తీసుకుని కుప్పం వెళ్లాను. పక్కింట్లో వీసీఆర్ ఉంటే అక్కడ వేసి చూపించాను. సుజాత చూసింది. "నాకప్పుడే అనుమానం వచ్చింది," అంది. "చెప్తే అత్త కొట్టిపారేస్తాదని చెప్పలా. నేనూ దాచినట్టే కదా?" తర్వాత లేచి కాఫీ పెట్టింది. మా మధ్య మాటలు మళ్లీ మొదలైంది అక్కడే.

బెంగళూరు డాక్టరమ్మ ఆ నాలుగు నిమిషాల్ని ఆపి ఆపి చూసింది. పిలిచిన ప్రతిసారీ బిడ్డ కళ్లు ఎటు పోయాయో పెన్సిలుతో కాగితం మీద గుర్తు పెట్టుకుంది. మదనపల్లె డాక్టరు చెప్పిన మాటే చెప్పింది. మందు లేదంది. నేర్పుకుంటూ పోవాలంది. ఇంకొంచెం ముందే వచ్చుంటే బాగుండేదని మాత్రం ఆవిడ అనలేదు. ఎందుకనలేదో నాకు తెలుసు.

ఆ రోజుల్లో మమ్మల్ని నిలబెట్టిన మనిషి కుప్పంలో అంగన్‌వాడీ టీచరు కనకమ్మ. తల్లి ఇంటివైపు తమిళం. మౌనికను మరే బడివాళ్లూ రెండో రోజు ఉంచుకోలేదు. ఆమె మాత్రం గుమ్మం దగ్గర చాప వేసి, "ఆ బిడ్డ ఈడ కూసోనీమ్మా. అరిసేది అరస్తాది, ఆపేది ఆపుతాది," అంది. మిగతా పిల్లల తల్లులు అభ్యంతరం చెప్తే, "మీ బిడ్డలు ఏడ్సినప్పుడు ఆ యమ్మ అడిగిందా?" అని నోళ్లు మూయించింది. అందుకోసమే సుజాత ఏడాదిలో సగం కుప్పంలో ఉండేది. నేను శనివారం షాపు కట్టేసి బస్సెక్కేవాణ్ణి. మౌనిక చెప్పులు వేసుకోవడం, చేత్తో అన్నం తినడం ఆ గుమ్మం దగ్గరే నేర్చుకుంది. ఆరేళ్లప్పుడు "నీల్లు" అంది. ఇప్పటికీ దాని మాటలు రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇంకో బిడ్డ వద్దనుకున్నాం. అయినా 2006లో చరణ్ పుట్టాడు. మా అమ్మ సంతోషం చెప్పనలవి కాదు. డాక్టరమ్మకు ఫోను చేసి చెబితే ఆవిడ సంతోషమని చెప్పి, తర్వాత మెల్లగా ఇంకో మాట అంది. పెద్దబిడ్డకు ఉంటే చిన్నబిడ్డకు రావడానికి అవకాశం కొంచెం ఎక్కువట. మగబిడ్డయితే ఇంకొంచెం ఎక్కువట. గమనిస్తూ ఉండమంది.

గమనించడమంటే నాకు పిచ్చి పట్టినట్టయింది. పొద్దున లేస్తూనే గిలక తీసుకునేవాణ్ణి. కుడివైపు ఆడించి చూసేవాణ్ణి, ఎడమవైపు ఆడించి చూసేవాణ్ణి. పాలు తాగుతుంటే పిలిచేవాణ్ణి. చూస్తే గుండె కుదుటపడేది, చూడకపోతే మళ్లీ పిలిచేవాణ్ణి. ఒకరోజు సుజాత నా చేతిలోంచి గిలక లాక్కుని గోడకేసి కొట్టింది.

"వాడు మన బిడ్డ. మీ షాపుకు ఫొటోకి వచ్చినోడు కాదు."

చరణ్‌కు ఏడాది దాటాక డాక్టరమ్మ దగ్గర్నుంచి కబురు వచ్చింది. పసిబిడ్డల చూపు ఎటు పోతుందో కనిపెట్టే యంత్రం ఒకటి పరిశోధన కోసం తెచ్చారట. ఇష్టమైతే తీసుకురమ్మంది. సుజాత ససేమిరా అంది.

"పెద్దదానికి తెలిసినాక ఏంజేసినాం? ఏడ్సినాం. ఇంగోసారి ఏడ్సేదానికి బెంగళూరు దాకా పోవల్నా?"

"తెలీక మూడేండ్లు పోగొట్టినాం సుజాతా."

"పోగొట్టింది ఎవరు?"

ఏడేళ్ల తర్వాత కూడా ఆ మాట అంత పదునుగానే ఉంది. మా అమ్మ ఇంకో వైపు నుంచి, "బిడ్డ కండ్లకు మిషను పెడితే దిష్టి తగలదా?" అని మొదలుపెట్టింది. వారం రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడుకోలేదు. చివరికి సుజాతే, "మౌనికను గూడా తీస్కపోదాం. దాన్ని వదిలిపెట్టి వీడి కోసం పరిగెత్తినట్టు ఉండకూడదు," అంది. నలుగురం కుప్పం వెళ్లి రైలెక్కాం.

యంత్రమంటే ఏదో తలకు తగిలిస్తారనుకున్నాను. అలాంటిదేమీ లేదు. చిన్న గది, ఒక తెర, తెర కింద సన్నటి పెట్టె. బిడ్డ కళ్లను అది దూరం నుంచే పట్టుకుంటుందట. చరణ్‌ను ఒళ్లో పెట్టుకుని సుజాత కూర్చుంది. యంత్రం పొరపాటున తల్లి కళ్లను పట్టుకోకుండా ఆమెకు నల్లకళ్లద్దాలు పెట్టారు. పెళ్లయినప్పటి నుంచి ఆమెను అలా చూడలేదు. నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆ వారంలో అదే మొదటిసారి.

మొదట తెర మూలల్లో ఒక బాతుబొమ్మ గంట మోగిస్తూ కనిపించింది. తర్వాత ఒక ఆడమనిషి ముఖం ఏదో కబుర్లు చెప్పింది. తర్వాత తెరలో ఒక సగం పిల్లలు ఆడుకోవడం, మరో సగం రంగురంగుల చక్రాలు తిరగడం. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. నాకు అర్థమైంది ఇంతే: నేను ఇరవై ఏళ్లుగా గిలకతో చేస్తున్న పనే అది. నేను బిడ్డ చూసిన క్షణం కోసం కాచుకునేవాణ్ణి. యంత్రం చూడని క్షణాలు కూడా వదలకుండా రాసుకుంటుంది.

మాతోబాటు హోసూరు వైపు నుంచి వచ్చిన ఒక జంట ఉన్నారు. ఫలితం చెప్పడానికి ఎవర్ని ఎప్పుడు పిలుస్తారో తెలియక మధ్యాహ్నం దాకా బల్లల మీద కూర్చున్నాం. మౌనిక అరుపులు మొదలుపెడితే ఆ భర్త తన తాళాల గుత్తి తీసి దాని ముందు తిప్పుతూ కూర్చున్నాడు. చేతులు మార్చుకుంటూ చాలాసేపు తిప్పాడు. పేరు కూడా అడగలేదు నేను.

తర్వాత డాక్టరమ్మ లోపలికి పిలిచి ఆ సినిమానే మళ్లీ వేసింది. ఈసారి దాని మీద ఒక ఎర్రచుక్క తిరుగుతోంది. చరణ్ చూపు ఎక్కడుంటే చుక్క అక్కడుంటుంది. ఆ ఆడమనిషి మాట్లాడుతుంటే చుక్క ఆమె ముఖం మీద కాసేపు నిలిచి చెవి కమ్మ మీదికి పోయింది. పిల్లలూ చక్రాలూ వచ్చినప్పుడు చక్రాల మీదికి పోయి చాలాసేపు రాలేదు. నేను మనసులో చుక్కను ఇటు లాగుతున్నాను. అది రాలేదు.

"ఇది జబ్బు ఉందని చెప్పడం లేదు," అంది డాక్టరమ్మ. "జాగ్రత్తగా ఉండమంటుంది. వర్షం రావచ్చు, గొడుగు పెట్టుకోండి అన్నట్టు. రాకపోయినా గొడుగుతో నష్టం లేదు కదా?"

పరీక్ష చేసే అమ్మాయిని నేనొక కోరిక కోరాను. మౌనికను కూడా ఒకసారి కూర్చోబెట్టమని. అది మమ్మల్ని ఓరకంటనైనా చూస్తోందేమో, ఆ చుక్క చెబుతుందేమోనని నా ఆశ. ఆ అమ్మాయి కాదనకుండా కూర్చోబెట్టింది. మౌనిక తల నిలపలేదు. యంత్రం దాని కళ్లను పట్టుకోలేకపోయింది. తెర మీద చుక్క అసలు కనపడనే లేదు. "సారీ అంకుల్," అంది ఆ అమ్మాయి. ఫర్వాలేదన్నాను.

ఇంటికొచ్చాక గొడుగు పట్టే పని మొదలైంది. చరణ్‌కు ఏది కావాలన్నా అది మన కంటి పక్కన పెట్టుకోవాలి. వాడు మన కళ్లలోకి ఒక్క క్షణం చూస్తే వెంటనే ఇచ్చేయాలి. చెప్పడానికి ఇంతే. రోజంతా చేస్తే ప్రాణం విసిగిపోతుంది. సుజాత మౌనిక పనితో సతమతమయ్యేది, నాకు షాపు. ఆ బరువు ఎత్తుకున్నది, ఎవరూ అనుకోని విధంగా, మా అమ్మ. వేరుశనగ ఉండ కంటి పక్కన పెట్టుకుని చాప మీద వాడికెదురుగా కూర్చునేది.

"అవ్వను సూడరా. సూసినావా? ఇంద, తిను. ఇంగోటి కావల్నా? మల్లా సూడు."

ఒకరోజు నేను చూస్తుండగానే, "మౌనికకు గూడా ఇట్ల చేసింటే..." అని ఆగిపోయింది. నేను బయటికి వెళ్లిపోయాను.

చరణ్‌కు రెండున్నర దాటాక మాటలు వచ్చాయి. తర్వాత వరసపెట్టి వచ్చాయి. 2009లో డాక్టరమ్మ మళ్లీ పరీక్షించి, వీడికి ఏమీ లేదని చెప్పింది. నేను అడిగాను: "అప్పుడు మిషను తప్పు చెప్పిందా? లేకపోతే మేం చేసినందువల్ల బాగయ్యిందా?"

"నాకు తెలీదండీ," అందావిడ. "తెలుసని ఎవరన్నా చెప్తే నమ్మొద్దండి."

ఆవిడ మీద గౌరవం ఆ రోజు ఇంకా పెరిగింది.

మౌనికకు నయమైందా అని జనం అడుగుతారు. కాలేదు. ఎదిగింది. పెరుగన్నం తప్ప తినదు, కుక్కరు విజిల్ వినలేదు. పోయిన ఏడు పెద్దమనిషి అయింది. అప్పుడు చేసుకోవలసినవన్నీ సుజాత దానికి బొమ్మతో చూపించి నెలల తరబడి నేర్పింది. కనకమ్మ కుప్పం నుంచి వచ్చి సాయంగా పది రోజులుంది.

ఈ మధ్య ఒక ఉదయం బైరెడ్డిపల్లె నుంచి ఒక జంట ఏడాదిన్నర బిడ్డను తీసుకుని ఫొటోకి వచ్చారు. సేద్యం చేసుకునేవాళ్లు. నేను గిలక ఆడించాను, తల్లి నా వెనక నిలబడి పిలిచింది. బిడ్డ గొడుగులైటు అంచునే చూస్తున్నాడు. చాలాసేపు చూశాను. ఇంతకుముందు ఒకట్రెండుసార్లు ఇలాంటప్పుడు, పోనీలే మనకెందుకని ఊరుకున్నాను. ఈసారి కెమెరా పక్కన పెట్టి మెల్లగా చెప్పాను. జబ్బని అనలేదు, ఒకసారి చూపించుకోమన్నాను.

తండ్రికి కోపం వచ్చింది. "మేం ఫొటోకి వస్తే నువ్వు జబ్బు చెప్తావేందప్పా?" అన్నాడు. తల్లి బిడ్డను భుజాన వేసుకుని, షాపు వెనక మా ఇంటి వాకిట్లో తనలో తాను ఊగుతూ నిలబడిన మౌనికను చూసింది.

"ఆ పాప మీ బిడ్డేనా అన్నా?"

"నా బిడ్డేమ్మా."

సుజాత ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. బయటికి వచ్చాక ఆమె భర్తతో, "పోదామయ్యా. ఏమీ లేకుంటే తిరిగొద్దాం, అంతే కదా?" అంది. అతను చాలాసేపు తల గోక్కున్నాడు.

"బెంగళూరులో మాకు యాడ దిగల్లో గూడా తెలీదన్నా," అన్నాడు చివరికి.

ఆ రోజు సాయంత్రం నేనొక నిశ్చితార్థానికి వీడియో తీయాల్సి ఉంది. సుజాత నా వైపు చూసి, "ఆళ్లకు నేను ఫోను చేసి చెప్తాలే. మీరు పోయి రాండి," అంది. షట్టరు దించి, వాళ్లతోబాటు బస్టాండుకు నడిచాను. కోలారు మీదుగా బెంగళూరు పోయే బస్సు ఒకటి నిండుగా ఉంది. ఆమెకు, బిడ్డకు ఒక సీటు అడిగి తీసుకుని, మేమిద్దరం రాడ్డు పట్టుకుని నిలబడ్డాం.